ముందు దోషి, తర్వాత జాకీ

డిసెంబరు వస్తే చాలు, ఆంధ్రా కశ్మీర్ అని పేరుపడ్డ లంబసింగికి కార్లు బారులు తీరతాయి. డిక్కీలో టెంటు, దుప్పట్లు, గ్యాస్ స్టవ్, మసాలా పట్టించిన చికెన్, ఓ బ్లూటూత్ స్పీకరు. ఇంత సరంజామా ఉన్నా నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేలోపు ఏదో ఒకటి జరిగి తీరుతుంది. జరిగినప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లకు లోటు లేదు గానీ, వాళ్లు చెప్పేదంతా బాగుచేయడం గురించే. బాగుచేయడం ఎవరైనా చేస్తారు. ఎవరి వల్ల జరిగిందో తేల్చడమే అసలు పని. దాన్ని మన కుటుంబాలు ఎంతో క్రమశిక్షణతో చేస్తున్నా, తగిన గుర్తింపు రాలేదని నా బాధ.

టైరు పంక్చరైందనుకోండి. తొందరపాటు మనుషులైతే కారు పక్కకు తీసి, నట్లు వదులు చేసి, జాకీ పెట్టేస్తారు. మన పద్ధతి అది కాదు. ముందు అందరూ దిగి టైరు చుట్టూ నిలబడాలి. ఒకరు దాన్ని కాలితో తన్ని చూడాలి. తన్నితే ఏం తెలుస్తుందని అడగకూడదు, అది ఆచారం. ఆ తర్వాత విచారణ.

"బావా, ఆ గుంతలోంచి ఎందుకు పోనిచ్చావు?"

"గుంత లేని చోటు నువ్వు చూపించు, అటే పోనిస్తా."

రోడ్డు వేసిన కాంట్రాక్టరు మీదుగా, మొన్న సర్వీసింగుకు డబ్బులు గుంజినవాడి మీదుగా వాదన చాలా దూరం వెళ్లొచ్చాక స్టెప్నీ బయటికి తీస్తారు. అందులోనూ గాలి ఉండదు. కారు కొన్ననాటి నుంచి దాన్ని ముట్టుకున్నవాడు లేడు. అక్కడితో కేసు రెండుగా చీలుతుంది: పంక్చరుకు నడిపినవాడు బాధ్యుడు, స్టెప్నీకి కారు యజమాని. ఆ ఇద్దరూ తోడల్లుళ్లయితే ఇక చూడక్కర్లేదు.

ఈ సంగతి ప్రభుత్వానికి ముందే తెలిసినట్టుంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో నిబంధనలు సవరించింది. గాలి లేని స్టెప్నీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనని గ్రహించిన ప్రభుత్వాన్ని ఈ ఒక్కసారికి మెచ్చుకోవాలి.

విచారణ నడిచినంతసేపూ వెనక వచ్చే బండ్లకు హెచ్చరిక కావాలి. కారుతో పాటు ఇచ్చిన ఎర్ర త్రికోణం డిక్కీ అడుగున, కవరు కూడా విప్పకుండా భద్రంగా ఉంటుంది. కాబట్టి రోడ్డు మీద నాలుగు రాళ్లు, ఓ చెట్టు కొమ్మ. టైరు మార్చాక వాటిని అక్కడే వదిలేసి పోవాలి. చీకట్లో వచ్చే తర్వాతి కుటుంబానికి కూడా విచారణ జరుపుకునే అవకాశం ఉండాలి కదా.

ఇంతలో బైక్ మీద పోతున్న ఊరి కుర్రాడొకడు ఆగి, టైరు వెనక కట్టుకుని పంక్చర్ షాపుకు తీసుకెళ్లి, బాగుచేయించి తెస్తాడు. తప్పెవరిదని ఒక్క మాట అడగడు. అనుభవం లేదు పాపం.

టెంటు దగ్గర విచారణ తెల్లవారుజామున మొదలవుతుంది. వాన లేదు, కానీ లోపల మొహాల మీద చుక్కలు పడుతుంటాయి. టెంటు అద్దెకు తెచ్చినవాడికి అప్పటికప్పుడే శిక్ష ఖరారు. నిజానికి ఆ నీళ్లు లోపల పడుకున్న నలుగురి ఊపిరివి. చలికి భయపడి జిప్పులన్నీ బిగించేస్తే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. గాలి పోవడానికి కాస్త సందు వదిలితే చాలావరకు తగ్గుతుంది. కానీ ఈ లెక్కన నలుగురూ దోషులే అవుతారు కాబట్టి దీన్ని సాక్ష్యంగా ఎవరూ ఒప్పుకోరు. వణుకు సంగతీ అంతే. పైన మూడు దుప్పట్లు, కింద పల్చటి పట్టా. ఒంట్లో వేడిని నేల లాగేస్తుంటే ఒక దుప్పటి కిందికి మార్చాలని ఎవరికీ తట్టదు. "అసలు ఇక్కడికి రమ్మన్నదెవరు?" అన్న ప్రశ్న మాత్రం అందరికీ ఒకేసారి తడుతుంది.

ఒక్క చోట వ్యంగ్యం పక్కన పెడతాను. నిప్పుల కుంపటి టెంటులోకి తేకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తెల్లారాక విచారణకు కూర్చోడానికి ఎవరూ మిగలరు.

అన్నం పలుకు మిగిలినప్పుడు మాత్రం మనవాళ్లకు సైన్సు గుర్తొస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయని వండినవాడు వాదిస్తాడు. నిజమే. ఇంకాస్త సేపు ఉంచితే ఉడికేది, ముందే దించమని కొండ చెప్పలేదు. అయినా ఆకలి మీద ఉన్న కమిటీ కొండదే తప్పని తేల్చి కంచాలు ముందుకు జరుపుకుంటుంది.

తుది నివేదిక తిరుగు ప్రయాణంలో, నర్సీపట్నంలో టీ తాగుతూ సిద్ధమవుతుంది. కారులో ఉన్నవాళ్లంతా సంక్రాంతికి మళ్లీ ఒకే ఇంట్లో కలవాల్సినవాళ్లు. అందుకని తీర్పు ఏకగ్రీవం: తప్పంతా లీవు దొరకలేదని చివరి నిమిషంలో మానేసిన చిన్న బావమరిదిది. వాడు వచ్చి ఉంటే రెండో కారు ఉండేది. రెండో కారుకు స్టెప్నీ ఉండేది. అందులో గాలి ఉండేదా అని అడిగినవాణ్ణి వచ్చే ఏడాది ట్రిప్పుకు పిలవరు.