144వ సెక్షన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు చెబితే మా వీధిలో ఇప్పటికీ నలుగురు ఒకచోట నిలబడకూడదనే అనుకుంటారు. పాపం, వాళ్లకు తెలీదు. 2024 జూలై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టం వచ్చింది, ఆ డ్యూటీ 163వ సెక్షన్‌కి వెళ్లిపోయింది. తమరు పాత 125 గారి కుర్చీలో కూర్చుని పెళ్లాం పిల్లలకు, తల్లిదండ్రులకు మనోవర్తి ఇప్పిస్తున్నారు. "144 కింద కేసు వేశానమ్మా" అంటే మా అమ్మ "ఎవరితో గొడవపడ్డావే?" అని కంగారుపడింది.

మధ్యంతర మనోవర్తి సంగతి నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని మీలోనే ఉంది. పక్కనే "వీలైనంత వరకు" అని కూడా ఉంది. అసలు నోటీసు అందితే కదా! రెండుసార్లు "ఇంటికి తాళం" అని తిరిగొచ్చింది. ఆ తాళం వేసిన ఇంట్లోంచే మా ఆయన వాట్సాప్‌లో వినాయక చవితి ఫొటో పెట్టారు, ఉండ్రాళ్లతో సహా.

తర్వాత ఆదాయం లెక్క. ఆస్తులు, అప్పులు ఇద్దరూ అఫిడవిట్‌లో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఆయన రాసిచ్చారు: ఇల్లు అమ్మది, కారు తమ్ముడిది, షాపు స్నేహితుడిది, అప్పులు మాత్రం సొంతం. చదివి నాకే జాలేసింది, ఓ వంద ఇద్దామా అని పర్సు తీశాను. నా కుట్టుమిషను మాత్రం దాచలేకపోయాను. అది బీరువాలో పట్టదు.

చివరికి బాబుకి నెలకు 4 వేలు అన్నారు. 1973 నాటి కోడ్‌లో 500 దాటకూడదని హద్దు ఉండేది, 2001లో తీసేశారు. ఆ లెక్కన మావాడు అదృష్టవంతుడే. ఆర్డర్ మీద సీలు చక్కగా పడింది. డబ్బే పడలేదు.

కరెంటు బిల్లు ఆగితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేస్తాడు. ఆదాయపు పన్నయితే జీతం చేతికి రాకముందే కోసేస్తారు. మావాడి 4 వేలు వసూలు చేయడానికి మాత్రం ఇంత పెద్ద సర్కారులో నేనొక్కదాన్నే ఉద్యోగిని. టీఏ, డీఏ లేవు. మిషను ఆపుకుని కోర్టు వరండాలో కూర్చుంటే పిలిచేసరికి మధ్యాహ్నం, పిలిచాక మళ్లీ వాయిదా. బకాయికి వేరే పిటిషన్, దాని మీద వారంట్. అప్పటికీ కట్టకపోతే నెల బకాయికి నెల వరకు జైలట. కానీ డబ్బు బాకీపడ్డ ఏడాదిలోపు నేను పిటిషన్ వేయకపోతే ఆ వారంటూ రాదట. ఆయన ఆలస్యం చేస్తే వాయిదా, నేను ఆలస్యం చేస్తే గడువు దాటడం!

పాత డ్యూటీలో నలుగురైదుగురు గుమిగూడితే చాలు, జీపు వచ్చేది. మా ఇంట్లో ఇప్పుడు పదకొండు నెలల బకాయిలు గుమిగూడి ఉన్నాయి. ఎవర్నైనా పంపుతారా?

ఇట్లు,
రెండో పిటిషనర్ తల్లి
(మొదటి పిటిషనరూ నేనే)