ఉప్పుగల్లులో గట్టు తగాదా

ఎలక్ట్రాన్ ఇచ్చేసిన ధనాయాను చిన్నది, పుచ్చుకున్న ఋణాయాను పెద్దది. పదో తరగతి గట్టెక్కిన ప్రతివారికీ కంఠతా వచ్చిన తీర్పు ఇది. ఈ తీర్పు ఇచ్చిందెవరు, కొలిచిందెవరు, ఇరుపక్షాల సమక్షంలో హద్దురాళ్లు పాతారా లేదా అని అడిగిన పాపాన ఇంతవరకు ఎవరూ పోలేదు. సోడియం తరఫున వకాల్తా పుచ్చుకుని నేను అడుగుతున్నాను.

ముందు అవతలి వాదన విందాం. సోడియం పరమాణువు వ్యాసార్ధం 186 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు). మూడో కర్పరంలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేసింది. దాంతో ఆ కర్పరమే ఖాళీ. మిగిలిన 10 ఎలక్ట్రాన్లను 11 ప్రోటాన్లు దగ్గరకు గుంజుకున్నాయి. చివరికి మిగిలింది 102. అవతల క్లోరిన్ 99 ఉన్నది కాస్తా, పుచ్చుకున్న ఒక్క ఎలక్ట్రాన్‌తో 181కి చేరింది. 17 ప్రోటాన్ల అజమాయిషీలో 18 ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చోటు పెంచుకున్నాయి. ఇచ్చినవాడు చిక్కిపోయాడు, పుచ్చుకున్నవాడు బలిశాడు. లోకరీతికి ఇంత చక్కగా అతికే కథను ఎవరు మాత్రం శంకిస్తారు?

నేను శంకిస్తాను. 186 అన్నది సోడియం లోహంలో ఇరుగుపొరుగు పరమాణువుల మధ్య దూరంలో సగం. 99 అన్నది ఒకదానిలోకి ఒకటి చొరబడి బంధం కట్టుకున్న రెండు క్లోరిన్ పరమాణువుల మధ్య దూరంలో సగం. బంధం లేకుండా ఊరికే ఒకదానికొకటి ఆనుకున్న క్లోరిన్‌లను కొలిస్తే వాండర్‌వాల్స్ వ్యాసార్ధం సుమారు 175 వస్తుంది. 175 నుంచి 181కి పెరగడం కూడా బలుపేనా? ఒకరి పొలానికి ఒక గొలుసు, మరొకరి పొలానికి మరో గొలుసు వేసి విస్తీర్ణాలు పోల్చే సర్వేయరును మన ఊళ్లలో ఏం చేస్తారో అందరికీ తెలుసు. రసాయనశాస్త్రంలో మాత్రం అతని పట్టికను పుస్తకంలో అచ్చువేస్తారు.

అసలు గొడవ గట్టు దగ్గర ఉంది. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌కిరణాలతో ఉప్పు స్ఫటికం గుట్టు విప్పారు. సోడియం కేంద్రకం నుంచి క్లోరిన్ కేంద్రకానికి 282 పికోమీటర్లు. నిక్కచ్చిగా కొలిచింది అదొక్కటే. ఇందులో ఎవరి వాటా ఎంతో ఆ 282 చెప్పదు. పైగా ఉప్పులో సోడియం క్లోరైడు అణువులంటూ విడిగా లేవని, చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి పరుచుకున్నాయని తేలేసరికి పాతతరం రసాయనవేత్తలకు ఒళ్లు మండింది. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్దాయన ఎనభయ్యో పడికి చేరువలో, 1927లో, ఉప్పు మీద జాలిపడుతూ నేచర్ పత్రికకు లేఖ రాసి ఇదేం న్యాయమని నిలదీశారు. స్ఫటికం విషయంలో ఆయన పూర్తిగా తప్పు. కోపం విషయంలో మాత్రం నేను ఆయన పక్షమే.

పంపకానికి మొదట ఓ ఉపాయం కనిపెట్టినవాడు లాండె అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త. 1920లో ఆయన లిథియం అయొడైడును పట్టుకున్నాడు. లిథియం ఎంత అల్పప్రాణి అంటే, దాన్ని లెక్కలోకే తీసుకోకుండా అయొడైడులు (అయొడిన్ ఋణాయాన్లు) ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయట. కాబట్టి రెండు అయొడైడుల మధ్య దూరంలో సగం అయొడైడు సొంతం. తెలివైన పద్ధతే, కాదనను. కానీ పక్కవాడు మరీ చిన్నవాడు కాబట్టి వాడికి నోటీసు ఇవ్వనక్కర్లేదన్న సంప్రదాయం అక్కడే మొదలైంది.

1927లో అమెరికా రసాయనవేత్త లైనస్ పౌలింగ్ వచ్చాడు. ఎలక్ట్రాన్ల సంఖ్య సమానంగా ఉన్న జంటలను తీసుకుని, ఎవరి కేంద్రకం పట్టు ఎక్కువో వారికి తక్కువ చోటు రాశాడు. సోడియానికి 95, క్లోరైడుకు 181. మొత్తం 276. భూమ్మీద ఉన్నది 282. మధ్యలో ఆరు పికోమీటర్లు ఎవరి పేరా లేని పోరంబోకు! 1976లో షానన్ అనే మరో పరిశోధకుడు రీసర్వే చేసి సోడియానికి 102, క్లోరైడుకు 181 రాశాడు. మొత్తం 283. ఈసారి రికార్డులో ఉన్న నేల భూమ్మీద లేదు. అంతటితో ఊరుకోలేదు. అదే వ్యాసంలో రెండో పాసుపుస్తకం కూడా ఇచ్చాడు. అందులో ప్రతి ధనాయానుకూ 14 కలిపి, ప్రతి ఋణాయానుకూ 14 కోశాడు. సోడియం 116, క్లోరైడు 167. రెండు కేంద్రకాల మధ్య ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కడ అన్నిటికంటే పలచబడుతుందో చూస్తే, గట్టు ఈ రెండో పుస్తకానికే దగ్గరగా పడుతుంది. అయినా చెలామణి మొదటి దానిదే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకమైతే ఇంకా 1927 నాటి 95నే పాఠం చెబుతోంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆక్సైడు, ఫ్లోరైడు, సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం అయాన్లను పరిమాణాన్ని బట్టి వరసలో పెట్టమనే ప్రశ్నలో నాకు పేచీ లేదు. అన్నిటికీ 10 ఎలక్ట్రాన్లే. ప్రోటాన్లు 8 నుంచి 13 దాకా పెరుగుతాయి కాబట్టి సైజు 140 నుంచి 53.5 దాకా తరుగుతుంది. ఏ రికార్డు తీసినా ఆ వరస మారదు. కాకపోతే షానన్ మొదటి పుస్తకంలో ఫ్లోరైడుకూ సోడియానికీ మధ్య 31 ఉన్న తేడా, రెండో దాంట్లో మూడుకు దిగిపోతుంది. మూడు పికోమీటర్ల ఆధిక్యం చూసుకుని ఋణాయాన్లు ఇంతకాలం మీసం మెలేశాయి!

ఇక పొటాషియం ఫ్లోరైడు సంగతి. పౌలింగ్ లెక్కలో పొటాషియం 133, ఫ్లోరైడు 136. తీర్పు ప్రకారం ఋణాయానే పెద్దది, అంతా సవ్యం. షానన్ లెక్కలో పొటాషియం 138, ఫ్లోరైడు 133. రాత్రికి రాత్రి ధనాయాను పెద్దదైపోయింది. అయాన్లు కదలలేదు, మెదలలేదు. సీసియం అయితే షానన్ లెక్కలో 167, అది ఏ రికార్డులోనైనా ఫ్లోరైడు నెత్తిన కూర్చుంటుంది. అయినా కంఠతా తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు.

జాతీయ ప్రవేశ పరీక్షల్లో ప్రాథమిక కీ మీద అభ్యంతరం తెలపాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. పొటాషియం, ఫ్లోరైడులలో ఏది పెద్దదని ఎవరైనా అడిగిన రోజున ఆ 200 కట్టడానికి నేను సిద్ధం. దరఖాస్తుకు ఏ సంవత్సరపు పాసుపుస్తకం నకలు జతచేయాలో మాత్రం అధికారులు ముందుగా తెలియజేయాలి.