పెళ్ళి కార్డు కోసం విండోస్

మా మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెలకోసారి ఫ్యామిలీ గ్రూపులో ఒక గ్రాఫ్ పెడుతుంటాడు. ప్రపంచంలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత శాతం డెస్క్‌టాపుల మీద నడుస్తోందో చెప్పే స్టాట్‌కౌంటర్ గ్రాఫ్ అది. 2024 ఫిబ్రవరిలో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ నాలుగు శాతం దాటిందని లడ్డూల బొమ్మలు కూడా పెట్టాడు. మొన్న మళ్ళీ ఏదో పెట్టి, నన్ను ట్యాగ్ చేసి, "మామయ్యా, నువ్వింకా విండోసేనా?" అన్నాడు. కింద మా చెల్లెలు నవ్వు బొమ్మ. ఒళ్ళు మండింది. గ్రూపులో రాస్తే ఎవరూ పూర్తిగా చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

తెనాలిలో నాకో డీటీపీ సెంటర్ ఉంది. 2003లో పెట్టాను. పెళ్ళి కార్డులు, దినకర్మ కార్డులు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. షాపులో రెండు కంప్యూటర్ పెట్టెలున్నాయి. ఒకటి వాట్సాప్‌కీ బిల్లులకీ. రెండోది విండోస్ 7. దాని నెట్ వైరు పీకేసి ఎనిమిదేళ్ళయింది, అసలు పనంతా దాని మీదే. స్టాట్‌కౌంటర్ వాళ్ళు కంప్యూటర్లను లెక్కపెట్టరు. వాళ్ళ కోడ్ ఉన్న వెబ్‌సైట్లలో తెరుచుకున్న పేజీలను లెక్కపెడతారు. నెట్టే లేని పెట్టె ఆ లెక్కలోకి ఎక్కడ వస్తుంది? అంటే ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి అన్నం పెడుతున్న పని మా అల్లుడి గ్రాఫ్‌లో లేనే లేదు. లారీల కాటా దగ్గర, రైసు మిల్లు కౌంటర్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మీరే చూసుంటారు.

సరే, శాతాల గొడవ పక్కన పెడదాం. నేనెందుకు మారలేదో చెబుతా.

ఉద్యోగ ప్రకటనల్లో "అను ఫాంట్స్, యాపిల్ కీబోర్డు వచ్చిన డీటీపీ ఆపరేటర్లు కావలెను" అని చూసే ఉంటారు. మా లైనులో యాపిల్ అంటే లక్షన్నర కంప్యూటర్ కాదు, తెలుగు అక్షరాలు ఏ మీట మీద ఏది ఉండాలో చెప్పే ఒక అమరిక. దాన్ని జీవితమంతా విండోస్ మీదే కొడతాం. (మేం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ 1985లో పుట్టింది మాత్రం నిజంగానే యాపిల్ వాళ్ళ మ్యాకింతోష్ మీద. అలా తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చింది.)

అను లాంటి ఈ పాత ఫాంట్ల కిటుకు ఏమిటంటే, కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో మన తలకట్టునూ గుడినీ వత్తునూ ముక్కలుగా కూర్చోబెట్టారు. తెర మీద "లక్ష్మి" అని అందంగా కనబడుతుంది. దాన్ని కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెట్టండి, పిచ్చి గీతలు వస్తాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత గది ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు మొదటి వెర్షన్ నుంచీ ఉంది, 1991 నుంచి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా ఇచ్చారు. కానీ అదే ఏడాది వచ్చిన పేజ్‌మేకర్ 7తో ఆ సాఫ్ట్‌వేర్ కథ ముగిసింది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. మా పనేమో పేజ్‌మేకర్‌లోనే ఉండిపోయింది. పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్, మూడూ విండోస్ మీద కూర్చున్నాయి. నేనూ వాటితోపాటు కూర్చున్నాను.

నేనేమీ కొత్తగా కనిపెట్టి చెప్పడం లేదు. అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరులోనే ఈ మాట రాశాడు. జనం ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసి కొనరు, దాని మీద నడిచే ప్రోగ్రాములను చూసి కొంటారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళేమో జనం ఎక్కడుంటే అక్కడికే పోతారు. కొత్తవాడు లోపలికి రాకుండా అడ్డం నిలిచే గోడ ఇదే అని. ఐబీఎం లాంటి కంపెనీ ఓఎస్/2 అనే తన ఆపరేటింగ్ సిస్టమ్ మీద కోట్లు కుమ్మరించినా, బాగా నడిచిన రోజుల్లో కూడా దానికి సుమారు 2,500 ప్రోగ్రాములే ఉండేవట, విండోస్‌కి 70,000కు పైగా. ఐబీఎం వల్లే కానిది తెనాలిలో నా వల్ల అవుతుందా?

అయినా ప్రయత్నించలేదనుకోకండి. 2021 లాక్‌డౌన్‌లో గిరాకీ లేక ఖాళీగా ఉంటే, ఇదే అల్లుడు ఫోన్లో చెబుతుంటే బిల్లుల పెట్టెలో లినక్స్‌లోనే ఒక రకమైన మింట్ వేశాను. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ప్రింటర్ తనంతట తనే దొరికింది, డ్రైవర్ సీడీ వెతుక్కునే పనే లేదు. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు దింపుకున్నాను. పేజ్‌మేకర్ లాంటిదే, ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో ఒక కార్డు కట్టాను. వత్తులు ఎక్కడివక్కడే కూర్చున్నాయి, ఒక్క అక్షరం చెదరలేదు. పీడీఎఫ్ తీసి ప్రెస్సుకి పంపితే వాళ్ళూ ఏమీ అనలేదు.

ఆ వారమే ఒక పెద్దాయన కూతురి పెళ్ళి కార్డుకి వచ్చాడు. సంబరంగా చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. "అక్షరాలు బాగానే ఉన్నాయి తమ్ముడూ, పెళ్ళి కళ లేదు. 2006లో మా పెద్దోడికి చేశావు చూడు, అదే తియ్యి. పేర్లు మార్చు చాలు" అన్నాడు.

ఇదీ అసలు సంగతి. అదే తీయాలంటే ఆ ఫైలు తెరవాలి. నా దగ్గర అలాంటివి ఇరవై ఏళ్ళవి ఉన్నాయి, ఏడాదికో ఫోల్డరు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మాటలను మారుస్తాయి. కార్డు కింద "లగ్నపత్రిక" చుట్టూ నేను చేత్తో జరిపి పెట్టిన తీగనీ, ఇరుకైన చోట నొక్కి పెట్టిన రావత్తునీ మార్చవు. ఆ రాత్రి మళ్ళీ విండోస్ 7 పెట్టె ముందు కూర్చుని పది నిమిషాల్లో పని ముగించాను.

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటా. 2003లో నా మొదటి పెట్టెలో ఉన్న విండోస్ దొంగ కాపీయే. కొనమని ఎవరూ చెప్పలేదు, కొనాలని నాకూ తెలియదు. 1998లో బిల్ గేట్స్ చైనా గురించి అన్న మాట తర్వాత చదివాను: ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మనదే దొంగిలించాలి, అలవాటు పడ్డాక డబ్బులు ఎలా రాబట్టాలో తర్వాతి పదేళ్ళలో చూసుకుందాం అని. చదివి నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఉచితమే లినక్స్ బలమైతే, మా వీధిలో విండోస్ కూడా ఉచితమేగా! మరి ఆ పోటీలో లినక్స్ ఎలా గెలుస్తుంది?

కేరళలో గెలిచింది కదా అంటాడు అల్లుడు. గెలిచింది, కాదనను. అక్కడ ప్రభుత్వ బడుల్లో పిల్లలు పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ కూడా లినక్స్ మీదే రాస్తారు. కానీ పాఠం, పుస్తకం, పరీక్ష అన్నీ ఒకే చేతిలో ఉన్నాయి కాబట్టి కుదిరింది. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ చూడండి. 2003లో మారాలని నిర్ణయిస్తే ఆపడానికి అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వెళ్ళి మేయర్‌ని కలిశాడు. అయినా వాళ్ళు వినలేదు, సుమారు 15,000 కంప్యూటర్లను మార్చారు. 2017లో మళ్ళీ విండోస్‌కే పోదామని ఓటు వేసుకున్నారు. బయటి నుంచి వచ్చే ఫైళ్ళతో పేచీ వాళ్ళకీ తప్పలేదు. నాకు 2006 నాటి కార్డు, వాళ్ళకి పక్క ఆఫీసు డాక్యుమెంటు.

మ్యాక్ గురించి నాకు అభిప్రాయం లేదు. ఆ ధరకి మా ఊళ్ళో మంచి సెకండ్‌హ్యాండ్ ప్రింటింగ్ మిషన్ వస్తుంది.

ఇదంతా చదివి నేను విండోస్ అభిమానిని అనుకుంటే పొరపాటు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేశారు. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం చిప్ నుంచే ఒప్పుకుంటారు. నా బిల్లుల పెట్టె ఆరో తరం. నిక్షేపంగా పనిచేస్తోంది, ఫ్యాను చప్పుడు కూడా లేదు. దాన్ని తీసి పారేయమనడం నాకు మింగుడు పడలేదు. అందుకే దాంట్లో మళ్ళీ మింట్ వేశాను, ఈసారి ఉంచేశాను కూడా. కాబట్టి అల్లుడూ, నీ గ్రాఫ్‌లో ఒక పెట్టె నాది కూడా, రాసుకో.

కానీ రెండో పెట్టె జోలికి రాకు. నిజంగా మామయ్యని మార్చాలని ఉంటే లడ్డూలు ఆపి, శని, ఆదివారాలు ఇక్కడికొచ్చి కూర్చో. 2006 ఫోల్డరు ఇస్తా. ఒక్క కార్డు, తీగతో, రావత్తుతో సహా, ఉన్నదున్నట్టు యూనికోడ్‌లోకి తెచ్చి చూపించు. భోజనం మీ అత్తయ్య పెడుతుంది. వచ్చేటప్పుడు ఆ పాత పెట్టెకి పట్టే ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) ఒకటి బెంగళూరులో దొరికితే పట్టుకురా. శ్రావణం ముహూర్తాలు వస్తున్నాయి, ఇది రెండు రోజులుగా ఆన్ చేయగానే ఒకసారి గురక పెట్టి ఆగిపోతోంది.