మిగిలిన పిండాలకూ రెండు రేషన్ కార్డులు ఇవ్వాలి

కొరాపుట్ జిల్లాలోని కొటియా ఊళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర ఎప్పటినుంచో కొట్లాడుకుంటున్నాయి. వ్యవహారం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్రావాళ్లు ఏకంగా పంచాయతీ ఎన్నికలు పెట్టేశారు. అక్కడి జనానికి రెండువైపులా రేషన్, రెండువైపులా ఓటు. ఒడిశాలోని మా పర్లాకిమిడి, జయపురం నుంచి ఐవీఎఫ్‌కి (ల్యాబ్‌లో పిండం తయారుచేసి గర్భంలో పెట్టే చికిత్సకి) వెళ్లే జంటలకు మిగిలిపోతున్న పిండాలకు మాత్రం ఈ యోగం లేదు. మావంటే మావని లాక్కునే నాథుడే కనపడడు.

మిగలడం ఎవరి తప్పూ కాదు. ఇంజెక్షన్లు చేస్తే అండాలు ఒకేసారి చాలా వస్తాయి. వాటితో చేసిన పిండాల్లో గర్భంలో పెట్టేది ఒకటో రెండో. తక్కినవి మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో, అద్దె మీద. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం, అంటే ఇలాంటి సంతాన చికిత్సల చట్టం, పదేళ్లు గడువిచ్చింది. ఆ తర్వాత వాటిని నశించనివ్వాలి, లేదా దంపతులు ఒప్పుకుంటే పరిశోధనకివ్వాలి. అమ్ముకుంటే నేరం.

దంపతుల్లో ఒకరు పోతే ఏం చెయ్యాలో కూడా ముందే రాసివ్వాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకున్న జంట చేతికి ఇంగ్లీషు ఫారం వస్తుంది. సంతకం చెయ్యాల్సిన చోటల్లా నర్సమ్మ ముందే పెన్సిల్‌తో ఇంటూ పెట్టి ఉంచుతుంది. కడుపు పండుతుందో లేదోనన్న టెన్షన్‌లో ఉన్న పిల్లని పట్టుకుని, ‘రేపు మీ ఆయన పోతే వీటినేం చెయ్యమంటావమ్మా’ అంటే ఏం చెప్తుంది పాపం? ఇంటూ కనపడిన చోటల్లా సంతకం చేస్తుంది. చట్టం దృష్టిలో అది అన్నీ తెలిసి ఇచ్చిన అంగీకారం.

ఇక పెద్దలు. పెళ్లైన మూడో నెల నుంచే ‘ఏమైనా విశేషమా’ అని ఊపిరాడనివ్వనివాళ్లు, మనవడు పుట్టాక ‘ఇంకా అయిదున్నాయి అత్తయ్యా’ అంటే టీవీ సౌండ్ పెంచుతారు. ద్వాపరమే నయం. గాంధారి పిండాన్ని నూరు భాగాలు చేశాక ఒకటి మిగిలితే వ్యాసుడు ఇంకో నేతికుండ తెప్పించాడు, దుస్సల పుట్టింది. కుండకి అద్దె అడిగినట్టు భారతంలో ఎక్కడా లేదు.

అమెరికాలో అలబామా సుప్రీంకోర్టు 2024లో ఇలా గడ్డకట్టించి దాచిన పిండాలూ పిల్లలే అని తీర్పిచ్చింది. ఆ లెక్కన మన అంగన్‌వాడీ కూడా వీటికి గుడ్లు పంపాలి. ఎలాగూ గుడ్లనుంచే వచ్చాయి కాబట్టి అభ్యంతరం ఉండకూడదు.

నా విన్నపం ఒక్కటే. ఆ నైట్రోజన్ డబ్బాలు తెచ్చి కొటియా సరిహద్దు రాయి మీద పెట్టండి. తెల్లారేసరికి రెండు రాష్ట్రాల సర్వేయర్లూ దిగుతారు, కలెక్టర్లు లేఖలు రాసుకుంటారు, ఎవరో ఒకరు స్టే తెస్తారు. పదేళ్ల గడువు దానంతటదే యాభై ఏళ్లవుతుంది. ఈలోగా డబ్బా అద్దె మాత్రం ఆ పిల్లే కట్టుకోవాలి, కొడుకు ఎల్‌కేజీ ఫీజు కట్టే నెలలోనే.