తాత్కాలిక సడలింపులకు గడువేదీ?

పబ్లిక్ హెల్త్ నర్సులు, ఏఎన్‌ఎంల (పల్లెల్లో కాన్పులు, టీకాలు చూసే సహాయక నర్సు-మంత్రసానుల) పోస్టులు పెద్దసంఖ్యలో ఖాళీ పడినప్పుడల్లా ఒక పాత వాదన కొత్త ముసుగు వేసుకుని వస్తుంది. నర్సుల అర్హత చూసి పేర్లు నమోదు చేసే నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకపోయినా ముందు విధుల్లోకి తీసుకుందాం, రిజిస్ట్రేషన్ పత్రం తర్వాత తెప్పించుకుందాం, ఇదంతా తాత్కాలికమే కదా అన్నది ఆ వాదన సారాంశం. ప్రజారోగ్య వ్యవస్థలో తాత్కాలికమని చెప్పి తెచ్చిన సడలింపులు ఎంతకాలం కొనసాగుతాయో ఈ దేశానికి అనుభవమే. అందుకే ఈ ఆలోచనను తొలి దశలోనే తిరస్కరించాలని కోరుతున్నాం.

చట్టంలో అస్పష్టత ఏమీ లేదు. నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్‌కు మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లోనే చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే చేసిన భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టంలోని 11వ సెక్షన్, గుర్తింపు పొందిన అర్హత లేని ఎవరినీ నర్సుగా, మంత్రసానిగా, హెల్త్ విజిటర్‌గా, పబ్లిక్ హెల్త్ నర్సుగా రాష్ట్ర రిజిస్టరులో చేర్చడానికి వీల్లేదని నిర్ద్వంద్వంగా చెప్పింది. పబ్లిక్ హెల్త్ నర్సును ఆ సెక్షన్ విడిగా పేర్కొనడం యాదృచ్ఛికం కాదు. ఆసుపత్రి వార్డులో పనిచేసే నర్సుకు పక్కనే డాక్టరు ఉంటారు, పైన హెడ్ నర్సు ఉంటారు, పొరపాటు జరిగితే నిమిషాల్లో సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి చొప్పున ఉండాల్సిన ఆరోగ్య ఉపకేంద్రంలో ఆ ఏర్పాటు ఉండదు. అక్కడ నిర్ణయం తీసుకునేదీ, దాన్ని అమలు చేసేదీ ఎక్కువ సందర్భాల్లో ఒక్కరే.

ఆ ఒక్కరూ చేయాల్సిన పనిని దగ్గరగా చూసినవారెవరూ అర్హత తగ్గిద్దామని అనరు. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉంచాలి. పొడి రూపంలో వచ్చే తట్టు టీకాను దానికి నిర్దేశించిన ద్రావకంతోనే కలపాలి, కలిపిన నాలుగు గంటల తర్వాత మిగిలినదాన్ని పారేయాలి. టీకా వేశాక బిడ్డ అరగంటపాటు కళ్లెదుటే ఉండాలి, ఒళ్లు చల్లబడి ఊపిరి అందకపోతే ఆలస్యం లేకుండా అడ్రినలిన్ ఇవ్వాలి. గర్భిణికి రక్తపోటు పెరిగిందో, రక్తహీనత వచ్చిందో గుర్తించి, ఇంటి దగ్గర ఆగకూడని కాన్పును ముందే పసిగట్టి పంపించాలి. క్షయ రోగి మందులు మధ్యలో మానేశాడా, వీధిలో ఒక్కసారిగా పెరిగిన జ్వరాలు మామూలువా, ఏదైనా వ్యాధి వ్యాప్తికి తొలి గుర్తా అన్నది కూడా ఆమే తేల్చాలి. వీటిలో ఏ ఒక్కటీ పనిలో చేరాక చూసి నేర్చుకునేది కాదు. 2021 జనవరి 31న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 12 మంది చిన్నారులకు పోలియో చుక్కల బదులు చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ వేశారు. 2019లో హైదరాబాద్‌లోని నాంపల్లిలో టీకాలు వేసిన పసిపిల్లలకు జ్వరం మాత్రలకు బదులుగా ట్రామడాల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చిన ఘటనలో ప్రాణాలే పోయాయి. ప్రభుత్వ కేంద్రాల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో ఇలాంటివి జరిగిన దేశంలో ప్రమాణాలను ఇంకా బిగించాలన్న చర్చ జరగాలి. జరుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకమైన చర్చ.

అసలు మనిషే లేని ఉపకేంద్రం కన్నా అరకొర శిక్షణ ఉన్న మనిషి నయం కదా అని సడలింపును సమర్థించేవారు అడుగుతారు. కొవిడ్ రెండో విడత ఉద్ధృతిలో, 2021 మేలో, చివరి ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థుల సేవలనూ వాడుకోవాలని కేంద్రం నిర్ణయించలేదా అని గుర్తుచేస్తారు. నిజమే, నిర్ణయించింది. ఆ విద్యార్థులకు అధ్యాపకుల పర్యవేక్షణ ఉండాలని, స్వల్ప లక్షణాలున్న రోగులకే వారిని పరిమితం చేయాలని కూడా చెప్పింది. మహమ్మారి రోజుల్లో పర్యవేక్షణతో ఇచ్చిన అవకాశాన్ని, మామూలు రోజుల్లో పర్యవేక్షణే లేని పల్లెకు వర్తింపజేయడం తర్కం కాదు, సాకు.

సడలింపు ఎంతకాలం ఉంటుందో తెలుసుకోవాలంటే ఏఎన్‌ఎం శిక్షణ చరిత్రే చాలు. రెండేళ్లుగా ఉన్న కోర్సును 1977లో 18 నెలలకు కుదించారు. ఆరోగ్య కార్యకర్తల విధులపై కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ సిఫార్సుల తర్వాత ఏఎన్‌ఎంను బహుళ విధుల ఆరోగ్య కార్యకర్తగా మార్చి, తల్లీబిడ్డల సంరక్షణతోపాటు కుటుంబ నియంత్రణ, అంటువ్యాధుల అదుపు వంటి బాధ్యతలన్నీ నెత్తిన పెట్టిన కాలమది. బాధ్యతలు పెరుగుతున్నప్పుడు శిక్షణ తగ్గించడమేమిటని అప్పుడు అడిగినవారి మాట వినేవారు లేకపోయారు. త్వరగా, ఎక్కువమందిని తయారు చేయాలన్న తొందర అన్నింటినీ మింగేసింది. ఆ కోర్సు తిరిగి రెండేళ్లు కావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోగా ఒక తరం ఏఎన్‌ఎంలు కుదించిన శిక్షణతోనే పల్లెల్లో కాన్పులు చేశారు, టీకాలు వేశారు, చేతికందిన అనుభవంతో నెట్టుకొచ్చారు. వారి నిబద్ధతను మేము తక్కువ చేయడం లేదు. తగిన శిక్షణ ఇవ్వకుండానే వారిమీద అంత భారం వేసినవారిదే తప్పు. నేడు ‘కొన్నాళ్లకే’ అంటున్నవారు ఈ మూడు దశాబ్దాల లెక్కకు ముందు సమాధానం చెప్పాలి.

నమోదు నిబంధన సడలితే నష్టం ఆ ఒక్క నియామకంతో ఆగదు. రిజిస్ట్రేషన్ లేకున్నా ప్రభుత్వమే ఉద్యోగం ఇస్తుందని తెలిశాక, పాఠశాలకు గుర్తింపు ఉందా, క్లినికల్ శిక్షణ నిజంగా జరిగిందా అని ఏ విద్యార్థిని తండ్రి మాత్రం ఆరా తీస్తాడు? నర్సింగ్ విద్య ఎంత దిగజారగలదో మధ్యప్రదేశ్ చూపించింది. హైకోర్టు ఆదేశంతో అక్కడి 300కు పైగా నర్సింగ్ కళాశాలలను సీబీఐ తనిఖీ చేయాల్సి వచ్చింది, 169 కళాశాలలు సక్రమంగా ఉన్నాయని నివేదిక ఇచ్చింది, ఆపై 2024 మేలో ఆ తనిఖీల్లోనే లంచాలు తీసుకున్నారన్న ఆరోపణపై సీబీఐ తన అధికారులనే అరెస్టు చేసింది, చివరికి ఆ 169 కళాశాలలనూ మళ్లీ తనిఖీ చేయాలని హైకోర్టు ఆదేశించింది. కాగితం మీద నిబంధనలన్నీ ఉండగానే జరిగిన భాగోతమిది. ఉన్న ఆ ఒక్క వడపోతనూ తీసేస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు.

ఇతర దేశాలు ఈ బాధ్యతను చూసే తీరు వేరు. జపాన్‌లో పబ్లిక్ హెల్త్ నర్సుకు 1948 నుంచే ప్రత్యేక చట్టబద్ధ గుర్తింపు ఉంది, ఆ లైసెన్సు కావాలంటే నర్సుల జాతీయ పరీక్షతోపాటు ప్రజారోగ్య నర్సుల పరీక్షనూ గట్టెక్కాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ నర్సు అయినంత మాత్రాన ఈ ధ్రువీకరణ రాదు. నర్సింగ్ డిగ్రీ, ప్రజారోగ్య రంగంలో 90 గంటల పర్యవేక్షిత శిక్షణ, పిల్లలపై వేధింపులను గుర్తించడంలో శిక్షణ తప్పనిసరి. మన దగ్గర సాధారణ నర్సుకు ఉండాల్సిన కనీస నమోదునే ఈ పోస్టులో మాఫీ చేద్దామంటున్నారు. ప్రైవేటు ఆసుపత్రి రిజిస్ట్రేషన్ లేని నర్సును పెట్టుకుంటే నోటీసులిచ్చే ప్రభుత్వం, తన ఉపకేంద్రానికి వచ్చేసరికి అదే పని తానే చేస్తే దాన్ని ఏమనాలి?

పాత చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. జాతీయ రిజిస్టరు, రాష్ట్ర రిజిస్టర్లు, రాష్ట్ర కమిషన్లు, నైతిక ప్రమాణాలకూ నమోదుకూ ప్రత్యేక బోర్డు అంటూ ఆ చట్టం చేసిన వాగ్దానాలు ఘనమైనవే. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి పోస్టులూ నియామకాలూ రాష్ట్రాల చేతుల్లోనే ఉంటాయి, రాష్ట్రాలు ఎడాపెడా మినహాయింపులిస్తే ఆ జాతీయ రిజిస్టరు ఉత్త పేర్ల పుస్తకంగా మిగులుతుంది. మొదట గిరిజన మండలాలకు మాత్రమే అంటారు, ఆనక వెనకబడిన మండలాలకూ అంటారు, తర్వాతి నోటిఫికేషన్‌లో గతంలో ఇచ్చాం కదా అంటారు. కాంట్రాక్టు మీద చేరినవారు కొన్నేళ్లు పనిచేశాక క్రమబద్ధీకరణ కోరతారు, కోరడం వారి హక్కు కూడా. ఆ దశలో అర్హత గుర్తుచేసే నైతిక బలం ప్రభుత్వానికి ఉండదు, ఎందుకంటే ఆ అర్హతను మొదట పక్కన పెట్టింది తానే.

ఖాళీలు నింపే దారులు లేవా? అర్హత ఉండి రిజిస్ట్రేషన్ కోసం కౌన్సిళ్ల చుట్టూ తిరుగుతున్నవారి దరఖాస్తులను గడువు పెట్టి పరిష్కరించవచ్చు. పల్లెల్లో పనిచేసే నర్సులకు నివాసం, అదనపు భత్యం, భద్రత కల్పించవచ్చు. సీనియర్ ఏఎన్‌ఎంలకు ఆరు నెలల పదోన్నతి శిక్షణ ఇచ్చి సూపర్‌వైజర్లుగా, డిప్లొమా చేయించి పబ్లిక్ హెల్త్ నర్సులుగా ఎదగనివ్వవచ్చు. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో ముడిపడిన పనులు. సడలింపుకు ఒక్క జీవో చాలు, బహుశా దాని ఆకర్షణంతా అందులోనే ఉంది. అయినా ఇచ్చి తీరతామంటే ఆ సడలింపు ఏ తేదీతో ముగుస్తుందో, ఆలోగా రిజిస్ట్రేషన్ సాధించనివారిని ఏం చేస్తారో, ఈ మధ్యలో జరిగే పొరపాటుకు సంతకం పెట్టిన ఏ అధికారి జవాబుదారో ఆ జీవోలోనే రాయండి. ఆ మూడు వాక్యాలు రాయడానికి చేయి ఆడకపోతే కొరత పేరెత్తకండి. ఏళ్ల తరబడి నియామకాలు చేపట్టకుండా ఆ కొరతను పెంచి పోషించింది మీరే.