సేంద్రియ సలహా మండలి వారికి, గుణుపురం సంత నుంచి

మహారాజశ్రీ సేంద్రియ ఆహార సలహా మండలి వారి దివ్యసముఖానికి,

ఒడిశాలో వంశధార ఒడ్డున పసుపు పండించి, గుణుపురం సంతలో అమ్ముకునే ఒక తెలుగువాడి విన్నపం. తమరి క్షేమం అడగనక్కరలేదు. ఏ ఎరువూ వేయకపోయినా ఏటా పెరిగే పంట కమిటీ ఒక్కటే.

మా కొండవాలు చెక్కకు తాత యూరియా వేయలేదు. సిద్ధాంతం కాదు, చేతిలో డబ్బు లేదు. నాన్నా వేయలేదు. బస్తా మోసుకుంటూ ఆ కొండ ఎక్కే మనిషి దొరకలేదు. ఇంత నిష్ఠ చూసి తమరు మురిసిపోతారనుకున్నాను. తీరా చూస్తే సేంద్రియమని అనిపించుకోవడానికి ముందు ఏటా వేసే పంటకు రెండేళ్లు, చెట్లకు మూడేళ్లు మందులు లేకుండా ఆగాలి, అది మార్పిడి కాలమన్నారు. మా చింతచెట్టు తాత కంటే పెద్దది. ఈ మూడేళ్లలో ఏ దురలవాటు మానుకోవాలో దానికి తోచడం లేదు. ఏమీ వాడలేదని రుజువు చూపితే గడువు తగ్గించే వీలుందట. కొనని యూరియాకు రసీదు ఏ కొట్టులో ఇస్తారో కాస్త సెలవివ్వండి.

అయినా సేంద్రియ ధ్రువపత్రం కోసం వెళ్లాను. పట్టా ఒడియాలో, దరఖాస్తు ఇంగ్లీషులో, లెక్క నా తలలో తెలుగులో. ‘పొలంలో వాడిన మందులు’ అన్న గడిలో అడ్డగీత పెట్టాను. గడి ఖాళీగా వదలకూడదని తిప్పి పంపారు.

తమరి సంసారం కూడా చిన్నదేమీ కాదు. 2001 నాటి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం వాణిజ్య శాఖ పంచన, ఎగుమతి వైపు చూస్తూ పెరిగింది. 2011లో వచ్చిన పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే ధ్రువీకరణ పద్ధతి, వ్యవసాయ శాఖ ఇంట్లో ఉంది. అందులో కనీసం ఐదుగురు రైతులు జట్టు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి. ఇది మాత్రం నాకు నచ్చింది. మా ఊళ్లో పక్కవాడి పొలాన్ని ఎవరూ చెప్పకుండానే తనిఖీ చేస్తారు. అమెరికాలో తమరి చుట్టం ఒకరున్నారు, జాతీయ సేంద్రియ ప్రమాణాల బోర్డు. 1990 చట్టం ఆ బోర్డుకు 15 కుర్చీలు వేసి, నాలుగు రైతులకు రాసిచ్చింది. నాలుగు ఎక్కువేమీ కాదు. కానీ మట్టికాళ్ల మనిషికి ఒక పీట ఉందని కాగితం మీదైనా ఉంది.

సంతలో నా పక్కనే ఒక సవర అవ్వ కూర్చుంటుంది. పసుపు కొమ్ములకు అంటిన మట్టిని బొటనవేలితో గీకి, అడ్డాకులో కట్టి ఇస్తుంది. చిన్న రైతు నేరుగా తినేవారికి అమ్ముకుంటే ధ్రువపత్రం అక్కరలేదని 2017 సేంద్రియ ఆహార నిబంధనలు ఆమెను కరుణించాయి. ప్రభుత్వ సేంద్రియ ముద్ర మాత్రం వేసుకోకూడదు. మొన్న విశాఖలో ఒక దుకాణంలో సేంద్రియ పసుపు పొట్లం చూశాను. దాని మీద ముద్ర, ముద్ర పక్కన గంపతో నవ్వుతున్న అవ్వ బొమ్మ. బొమ్మకు ధ్రువపత్రం ఉంది.

వచ్చే సమావేశం మా సంతలో పెట్టుకోండి. కుర్చీలు లేవు, గోనెపట్టాలున్నాయి. అవ్వ పక్కన కాస్త చోటుంది. బేరం చేయకుండా కూర్చుంటే మాత్రం ఆమె లేపేస్తుంది.

ఇట్లు,
మార్పిడి కాలంలో ఉన్న చింతచెట్టు తరఫున,
దాని యజమాని