చవకైన ఊరు కావలెను

మా బావగారు రిటైరయ్యారు. 31 ఏళ్లు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇక శేషజీవితం ఎక్కడ అన్న ప్రశ్న దగ్గర ఆగారు. మామూలు మనిషైతే కాశీ అంటాడు, అరుణాచలం అంటాడు, లేదా కొడుకు రమ్మంటాడేమోనని ఫోను వంక చూస్తాడు. మా బావగారు ఎక్సెల్ షీటు తెరిచారు.

డిసెంబరులో కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడు, మాకోసం తెచ్చిన బాదంపప్పు కంటే ముందు పెట్టెలోంచి ల్యాప్‌టాప్ బయటికొచ్చింది. దాన్ని మా టీవీకి తగిలించారు. అక్క మెల్లిగా వంటింట్లోకి జారుకుంది. ఆవిడకు ఆ షీటు కంఠతా వచ్చట. మొత్తం 11 ఊళ్లు. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్, మలేసియాలో పెనాంగ్, పోర్చుగల్‌లో బ్రాగా, ఈక్వడార్‌లో క్వెంకా, ఇంకా ఏవేవో. ఒక్కో ఊరికి 19 గడులు. గాలి, నీళ్లు, నెట్ స్పీడు, గుండెకు స్టెంటు వేయిస్తే ఎంత, పన్ను పీకిస్తే ఎంత, పనిమనిషి జీతమెంత.

ఈ పనిమనిషి గడికి ఒక ప్రత్యేకత ఉంది. జీతం తగ్గేకొద్దీ గడి ఆకుపచ్చగా మారుతుంది. మరీ తక్కువైతే ముదురాకుపచ్చ. ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో ఎంత తక్కువతో బతుకీడిస్తుంటే, మా టీవీలో అంత పచ్చదనం. "చూశావుటోయ్, కళ్లకెంత చల్లగా ఉందో!" అన్నారు బావగారు.

తొమ్మిదో వరసలో రాజమండ్రి ఉంది. పుట్టిన ఊరన్న మర్యాద కొద్దీ చేర్చారట. గోదావరి: ప్లస్ 2. ఎండ: మైనస్ 2. బంధువులు: మైనస్ 4. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి కాబట్టి కిక్కురుమనలేదు. నిజానికి అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు రాజమండ్రిలో ఉండాలన్నా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) మీద ఉండాల్సిన విదేశీయుడే. ఓటుండదు, పొలం కొనే వీలుండదు. పరాయిదేశంలో రిటైరవ్వాలన్న ముచ్చట కోటిపల్లి బస్టాండు దగ్గర కూడా తీరిపోతుంది. కానీ అక్కడ ఈయన్ని ఎవరూ 'ఎక్స్‌పాట్' అనరు, అంటే పరాయిదేశంలో దర్జాగా కాపురముండే పెద్దమనిషి అని. 'లెక్కల మాస్టారి రెండోవాడు' అంటారు.

ఫస్టు ర్యాంకు క్వెంకాది. ఆండీస్ కొండల్లో సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏసీ అక్కర్లేదు, హీటరు అక్కర్లేదు. ఊళ్లో నాలుగు నదులు. పాత ఊరికి 1999లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. 2020 నుంచి ట్రామ్ బండ్లు తిరుగుతున్నాయి. 65 దాటితే బస్సు టికెట్టు సగమే. పైగా అక్కడ చెల్లేది అమెరికా డాలరే, మారకం బాధ లేదు. ఇదంతా బావగారు చెబుతుంటే అక్క వంటింట్లోంచి ఒక్కటే అడిగింది: "అంత ఎత్తులో కందిపప్పు ఉడుకుతుందాండీ?" నిజమే, అక్కడ నీళ్లు 100 డిగ్రీల దాకా పోకుండానే మరిగిపోతాయి. మర్నాడు పొద్దున చూస్తే షీటులో ఇరవయ్యో గడి వెలిసింది: 'కుక్కర్ విజిళ్లు'.

ఇక బేరం రిహార్సల్ గురించి చెప్పాలి. బావగారు ఫోనులో స్పానిష్ నేర్చుకుంటున్నారు. క్వెంకా సంతలో గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర తెల్లవాళ్లంతా మోసపోతారనీ, తాను మోసపోకూడదనీ ఆయన పట్టుదల. అందుకని ఆదివారం పూట అక్కను డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టారు. ముందర అరకిలో బెండకాయలు. అక్కడి ఆడవాళ్లు టోపీ పెట్టుకుంటారంటూ మావాడి క్రికెట్ టోపీ తెచ్చి అక్క నెత్తిన పెట్టారు.

"క్వాంతో క్వెస్తా?" అన్నారు బావగారు.

"నలభై."

"మూయ్ కారో!"

"కారమేంటండీ, బెండకాయలకి?"

"కారం కాదే, కారో. చాలా ఖరీదు అని."

"అయితే కొనకండి."

"అలా అనకూడదు. నువ్వు తగ్గించాలి. పేదదానివి కదా."

"పేదదాన్ని నేనైతే తగ్గించమని మీరెందుకండీ అడగడం?"

బావగారు కాసేపు ఆలోచించి, స్క్రిప్టు తప్పావన్నారు. రెండో టేకులో అక్క యాభై చెప్పింది. మూడో టేకులో బావగారు అలిగి వెళ్లిపోతున్నట్టు నటించి గుమ్మం దాకా నడిచారు. అక్కడి ఆడవాళ్లు వెనక్కి పిలుస్తారట. అక్క పిలవలేదు. బెండకాయలు తీసుకుపోయి వేపుడు పెట్టేసింది. ఈ మనిషే న్యూజెర్సీలో కాఫీకి ఆరు డాలర్లిచ్చి, పైన టిప్పు కూడా పెట్టి, 'థాంక్యూ' చెప్పి వస్తాడు. ఆయనకు బేరం బుద్ధి ఎదుటివాళ్ల గంప చిన్నదైనప్పుడే పుడుతుంది.

ఆ టోపీ సంగతి ఉండనే ఉంది. లోకమంతా దాన్ని పనామా టోపీ అంటుంది. నేసేది ఈక్వడార్‌లో, క్వెంకా చుట్టుపక్కల పల్లెల్లోనూ నేస్తారు. ఎగుమతయ్యే దారిలో పనామా తగిలింది కాబట్టి పేరు దానికి దక్కింది. ఆ నేతను 2012లో యునెస్కో గుర్తించింది. పేరు మాత్రం పనామాదే.

ఊరెందుకు చవక అన్న గడి షీటులో లేదు. నేనే చెబుతాను. 1999లో ఈక్వడార్ బ్యాంకులు కుప్పకూలాయి. జనం దాచుకున్న డబ్బును ప్రభుత్వం స్తంభింపజేసింది. వాళ్ల నాణెం సుక్రే ఎంత పడిపోయిందంటే, 2000లో ఒక్క డాలరుకు 25,000 సుక్రేల లెక్కన కట్టి, సొంత నాణేన్నే వదులుకున్నారు. బావగారు మురిసిపోయిన 'మారకం బాధ లేదు' అన్న సుఖం వెనక ఉన్నది ఇదీ. ఆ తర్వాత లక్షల మంది స్పెయిన్‌కూ, ఇటలీకీ, అమెరికాకూ వెళ్లిపోయారు. క్వెంకా ఉన్న అజ్వాయ్ రాష్ట్రం నుంచైతే న్యూయార్క్‌కు వలస అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. బావగారు ఇన్నేళ్లూ మధ్యాహ్నం భోంచేసిన హోటల్లో గిన్నెలు తోమిన కుర్రాడు ఆ పక్క పల్లెవాడే అయ్యుండొచ్చు. ఎడారి దాటి వచ్చిన ఆ కుర్రాడు 'ఇల్లీగల్'. విమానంలో కిటికీ సీటు అడిగి తీసుకుని వాడి ఊరికి పోయే బావగారు 'ఎక్స్‌పాట్'.

పెన్షనర్ వీసాకు ఈక్వడార్ పెట్టిన షరతు ఇంకా ముచ్చటైనది. అక్కడి కనీస వేతనానికి మూడు రెట్లు నెలనెలా రావాలి. అంటే అక్కడ ముగ్గురు ఒళ్లు వంచితే వచ్చేంత, మీకు కుర్చీలో కూర్చుంటే రావాలన్నమాట.

ఎక్స్‌పాట్‌కు తెలుగు మాట కోసం వెతికాను. మన పత్రికల్లో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాడు ఎన్నారై, ప్రవాసాంధ్రుడు. దుబాయ్‌లో ఉన్న జగిత్యాల మనిషి గల్ఫ్ కార్మికుడు, కాస్త తేడా వస్తే గల్ఫ్ బాధితుడు. ఇద్దరూ పొట్ట చేత పట్టుకునే పోయారు. ఒకడికి గ్రీన్ కార్డు, రెండోవాడి పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, బీరువాలో. దుబాయ్‌లో కూడా రిటైరైన విదేశీయులకు వీసా ఉందండీ. 2020లో మొదలుపెట్టినప్పుడు అడిగినవి 55 ఏళ్ల వయసు, నెలకు 20,000 దిర్హమ్‌ల ఆదాయం లేదా 10 లక్షల దిర్హమ్‌ల పొదుపు. నెలకు వెయ్యి దిర్హమ్‌లు తెచ్చుకునే మేస్త్రీ ఆ పొదుపు చెయ్యాలంటే 83 ఏళ్లు పడుతుంది, అదీ ముద్ద తినకుండా, ఇంటికి పైసా పంపకుండా. 22వ ఏట విమానమెక్కినవాడు 105వ ఏట దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మేడలు కట్టింది వీడు! ఆ ఎండలో ఇటుక మీద ఇటుక పేర్చింది వీడు! వాడిపోయాక ఆకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) రద్దు చేసి పొమ్మంటారు. మధ్యలో గుండె ఆగితే పెట్టెలో శంషాబాద్‌కు వస్తాడు, అదీ కాగితాలన్నీ కుదిరితే. ఇంటామె అంబులెన్సు కోసం అప్పు వెతుక్కుంటుంది. వీడి శేషజీవితానికి ఏ ఊరు చవకో ఏ షీటూ చెప్పదు. సిగ్గుండాలి. ఎవరికని అడక్కండి, నాకూ కలిపే అంటున్నాను. ఆ బెండకాయ వేపుడు రెండుసార్లు వడ్డించుకుని, టీవీ ముందు తలాడించినవాణ్ణే కదా.

బావగారు వెళ్లేరోజు పెట్టెలు లిఫ్టు దాకా మోసింది మా వాచ్‌మన్. జగిత్యాల దగ్గరివాడు, 19 ఏళ్లు దుబాయ్‌లో చేసొచ్చాడు. ఆ మాట చెవిన పడగానే బావగారు ఆగిపోయారు.

"ఏమయ్యా, అక్కడ ఖర్చులెలా ఉంటాయి?"

"నాకేమెర్క సార్. క్యాంపుల ఎనిమిది మందిమి ఒక్క రూముల ఉంటుంటిమి."

"ఫ్లాట్లు చూశావా ఎప్పుడైనా?"

"మస్తు చూసిన సార్, బయటికెల్లి. తాడు కట్టుకొని అద్దాలు తుడ్శెటోన్ని. నలభై రెండో అంతస్తు కాడ సముద్రం మంచిగ కనవడ్తది."

బావగారు జేబులోంచి ఫోను తీసి రాసుకున్నారు. తలెత్తి అడిగారు.

"ఈస్ట్ ఫేసింగేనా?"